నికెల్ ఫిల్మ్ మీద ఫెమ్టోసెకండ్ పల్స్: అయస్కాంతత్వం పోయేది వేడి వల్లేనా?

ప్రశ్న (ఎమ్మెస్సీ ఫిజిక్స్, రెండో సంవత్సరం)

సెమినార్‌కి అల్ట్రాఫాస్ట్ డీమాగ్నెటైజేషన్ (లేజర్ పల్స్‌తో అయస్కాంతత్వం అతి వేగంగా తగ్గిపోవడం) టాపిక్ తీసుకున్నాను. 1996లో స్ట్రాస్‌బర్గ్‌లో బోర్‌పేర్, బిగో బృందం పలుచటి నికెల్ ఫిల్మ్ మీద 60 ఫెమ్టోసెకండ్ల లేజర్ పల్స్ కొడితే, పికోసెకండ్ (సెకనులో లక్ష కోట్లో వంతు, అంటే వెయ్యి ఫెమ్టోసెకండ్లు) కూడా గడవకముందే అయస్కాంతత్వం బాగా పడిపోయిందట. నికెల్ క్యూరీ ఉష్ణోగ్రత (అది దాటితే అయస్కాంతత్వం పోతుంది) దాదాపు 354 డిగ్రీల సెల్సియస్. లేజర్ తగిలితే వేడెక్కుతుంది, వేడెక్కితే అయస్కాంతత్వం తగ్గుతుంది. ఇందులో వింతేముంది? మా సార్ ఇదే అడుగుతారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు (పంప్-ప్రోబ్ ల్యాబ్‌లో పని చేస్తాను)

వేడే. కానీ ఏది వేడెక్కిందో చూడండి. పల్స్‌ని ముందు పీల్చుకునేవి ఎలక్ట్రాన్లు. వాటి ఉష్ణ సామర్థ్యం తక్కువ కాబట్టి వెంటనే భగ్గుమంటాయి. లాటిస్ (పరమాణువుల చట్రం) వేడెక్కడానికి పికోసెకండ్ దాకా పడుతుంది. అయస్కాంతత్వానికి మూలమైన ఎలక్ట్రాన్ స్పిన్‌లు లాటిస్ ద్వారానే వేడెక్కాలి, అది నిదానంగా జరిగే పని అని అప్పటిదాకా లెక్క. 1991లో గడోలినియం మీద చేసిన కొలతలోనూ 100 పికోసెకండ్ల ప్రాంతమే వచ్చింది. నికెల్ ఆ లెక్కను తలకిందులు చేసింది.

ఇంత చిన్న కాలాన్ని ఏ డిటెక్టరూ నేరుగా పట్టలేదు. అందుకే ఒకే పల్స్‌ని రెండుగా చీలుస్తాం: ఫిల్మ్‌ని వేడెక్కించే బలమైనది పంప్, కొలిచే బలహీనమైనది ప్రోబ్. ప్రోబ్ దారిలో జరిగే స్టేజ్ మీద అద్దాల జత ఉంటుంది. దాన్ని 15 మైక్రాన్లు వెనక్కి జరిపితే కాంతి రానూ పోనూ 30 మైక్రాన్లు ఎక్కువ నడిచి, 100 ఫెమ్టోసెకండ్లు ఆలస్యంగా ఫిల్మ్‌ని చేరుతుంది. తిరిగొచ్చిన కిరణం ధ్రువణ తలం (కాంతి తరంగం ఊగే తలం) ఎంత తిరిగిందో కొలుస్తాం, ఫిల్మ్ అయస్కాంతత్వం వల్ల అది అలా తిరగడమే కెర్ ఎఫెక్ట్. ఆ తిరుగుడు డిగ్రీలో చాలా చిన్న భాగం. కాబట్టి ప్రతి ఆలస్యం దగ్గరా అయస్కాంత క్షేత్రాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు పెట్టి తేడా తీస్తాం. అయస్కాంతంతో సంబంధం లేని మార్పు రెండింటిలోనూ ఒకటే కాబట్టి చాలావరకు కొట్టుకుపోతుంది.

మొదటి కొన్ని వందల ఫెమ్టోసెకండ్లలో ఇదీ చాలదు. కెర్ రొటేషన్ (పైన చెప్పిన తిరుగుడు), ఎలిప్టిసిటీ (ధ్రువణం కొద్దిగా దీర్ఘవృత్తంగా మారడం) రెండూ ఒకేలా నడవనంతసేపు ఆ సిగ్నల్‌ని అయస్కాంతత్వమని నమ్మకూడదని కూప్‌మాన్స్ బృందం 2000లో చూపించింది. ఈ సంగతి తప్పకుండా చెప్పండి, చాలామంది వదిలేస్తారు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండీ. మరి స్పిన్‌లకి ఉన్న కోణీయ ద్రవ్యవేగం (యాంగ్యులర్ మొమెంటమ్) ఊరికే మాయం కాదు కదా, ఎక్కడికి పోయినట్టు? కాంతి పట్టుకుపోయిందా?

జవాబు (పంప్-ప్రోబ్ ల్యాబ్)

అసలైన ప్రశ్న అడిగారు. కాంతి మాత్రం కాదు. రేఖీయ ధ్రువణ (ఒకే తలంలో ఊగే) కాంతితో కొట్టినా ఇదే ఫలితం, అందులో ఇచ్చి పుచ్చుకోవడానికి నికర కోణీయ ద్రవ్యవేగమే లేదు. లాటిస్‌కి పోతుందని ఒక వాదం. వేడి ఎలక్ట్రాన్లు స్పిన్‌ని మోసుకుంటూ ఫిల్మ్ దాటి పక్క పొరలోకి పారిపోతాయని 2010లో బత్తియాటో, ఓపెనీర్ వాళ్లు ఇంకో వాదం పెట్టారు. 2019లో స్టాన్‌ఫర్డ్ ఎక్స్-రే లేజర్ దగ్గర ఇనుము ఫిల్మ్ మీద చేసిన ప్రయోగంలో, పోయినదాంట్లో దాదాపు 80 శాతం పికోసెకండ్ లోపే లాటిస్‌కి చేరినట్టు తేలింది. ఒంటరి ఫిల్మ్ విషయంలో నేను లాటిస్ వైపే. కింద బంగారంలాంటి వాహకం పొర ఉంటే పారిపోయేదాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఉండలేం.

ఇంకొకరి జవాబు

గడోలినియం-ఇనుము-కోబాల్ట్ మిశ్రమం కూడా చేర్చండి. నెదర్లాండ్స్‌లోని నైమెఖన్‌లో 2007లో బయటి క్షేత్రం లేకుండానే, 40 ఫెమ్టోసెకండ్ల వృత్త ధ్రువణ (ఊగే దిశ గుండ్రంగా తిరిగే) పల్స్‌తో అయస్కాంత దిశనే తిప్పేశారు. తర్వాత 2012లో ధ్రువణంతో పని లేకుండా, పల్స్ వేడి ఒక్కటే చాలని చూపించారు. ఎలాగన్నది 2011 కొలతల్లో కనిపిస్తుంది. ఇనుము అయస్కాంతత్వం 300 ఫెమ్టోసెకండ్లలో సున్నాకొస్తే, గడోలినియానికి 1.5 పికోసెకండ్లు పట్టింది. మామూలుగా ఎదురెదురుగా ఉండే ఆ రెండూ మధ్యలో కాసేపు ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి. స్లైడ్‌లో ఆ రెండు గీతల్నీ ఒకే గ్రాఫ్ మీద వేసి, ఇనుము సున్నా దాటే చోట ఒక నిలువు గీత గీయండి. మీ సార్ ప్రశ్నలన్నీ అక్కడి నుంచే వస్తాయి.