యూరప్‌లో పేపర్ల లెక్క చూడడం మానేశారంట, నిజమేనా? పీహెచ్‌డీకి అప్లై చేసేవాళ్లకు అక్కడున్నవాళ్లు చెప్పండి

ఓరుగల్లు_బయో:
అందరికీ నమస్తే. వరంగల్‌ల ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అయిపోయింది, ఇప్పుడు ఒక ప్రాజెక్టుల జూనియర్ రీసెర్చ్ ఫెలో(జేఆర్ఎఫ్)గా చేస్తున్న. యూరప్‌ల పీహెచ్‌డీకి అప్లై చేద్దామని చూస్తున్న. నా పేరు మీద రెండు పేపర్లున్నయి, రెండూ చిన్న జర్నల్సే. ఒక సీనియర్ ఏమంటడంటే, యూరోపియన్ యూనియన్ పైసలు పెట్టి మరీ ఈ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఒక జర్నల్ పేపర్లను సగటున ఎన్నిసార్లు సైట్ చేసిన్రన్న అంకె) చూసుడు మాన్పిస్తున్నదట, నీకేం భయం లేదు అని. ఇంకో సీనియర్ అదంతా కాగితాల మీదనే అంటడు. ఎవరి మాట పట్టుకోవాలె?

డెల్ఫ్ట్_గోదావరి:
ఇద్దరి మాటా పట్టుకో తమ్ముడూ. కాగితం మారింది, ఆ కాగితం చదివే మనిషి ఇంకా పూర్తిగా మారలేదు.

కొంచెం వెనక్కెళ్లి చెప్తాను. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సెల్ బయాలజీ వాళ్ల మీటింగ్‌లో డోరా అనే డిక్లరేషన్ పుట్టింది. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనిషిని కొలవొద్దన్నది దాని సారం. సంతకాలు బాగానే పడ్డాయి, అలవాట్లు మాత్రం కదల్లేదు. తర్వాత 2022 జులైలో యూరప్‌లో ఇంకో ఒప్పందం రాసుకున్నారు, దాని చుట్టూ ఏర్పడిన కూటమే కోఆరా. యూనివర్సిటీలు, ఫండింగ్ ఏజెన్సీలు కలిపి ఏడు వందలకు పైగా సంస్థలు చేరాయి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్, హెచ్-ఇండెక్స్ (ఒక మనిషి పేపర్లు, వాటి సైటేషన్లు కలిపి తీసే అంకె) లాంటివాటిని అడ్డగోలుగా వాడం, యూనివర్సిటీ ర్యాంకు చూసి మనిషికి మార్కులెయ్యం, పనిని చదివి నిర్ణయిస్తాం అని ఒప్పుకున్నారు.

డబ్బు సంగతి. కోఆరాను నడపడానికి యూరోపియన్ యూనియన్ పరిశోధనా నిధుల పథకం హొరైజన్ యూరప్ నుంచి వచ్చింది 50 లక్షల యూరోలు. హొరైజన్ యూరప్‌కు మొదట అనుకున్న మొత్తం బడ్జెట్టేమో ఏడేళ్లకు 9,550 కోట్ల యూరోలు. అంటే సంస్కరణ పేరుతో ఇచ్చింది చిల్లర. అసలు బలం ఆ పెద్ద మూటకు తగిలించిన షరతుల్లో ఉంది. ఆ గ్రాంటు తీసుకుంటే పేపరు వచ్చిన రోజే అందరికీ ఉచితంగా చదవడానికి పెట్టాలి, ఆర్నెల్లలో డేటా ప్లాన్ ఇవ్వాలి, హైబ్రిడ్ జర్నల్‌కు (చందాతో నడుస్తూ, ఫీజు కట్టిన పేపర్లను మాత్రం ఉచితంగా తెరిచేది) కట్టిన ఫీజు వాళ్లు తిరిగివ్వరు. ఇవి చెయ్యకపోతే ఆడిట్‌లో దొరికిపోతారు. అందుకే ఇవి నిజంగా జరుగుతున్నాయి. "పనిని చదివి నిర్ణయించండి" అన్నదానికి మాత్రం ఆడిట్ లేదు.

పాలమూరు_పిల్ల:
నేను మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌ల (వేర్వేరు దేశాల ల్యాబులు కలిసి పీహెచ్‌డీ చేయించే యూరోపియన్ యూనియన్ పథకం) స్పెయిన్‌కు వచ్చిన. నా ఇంటర్వ్యూల జర్నల్ పేరు ఒక్కరు గూడ అడగలే. "నీ పనిల నీకు బాగా నచ్చింది ఒకటి చెప్పు, ఎందుకు నచ్చింది, ఏడ ఫెయిలయినవ్" అని అడిగిన్రు. నా దగ్గర పబ్లిష్ అయిన పేపరే లేదు, ఎమ్మెస్సీ డిసర్టేషన్ ఒక్కటే. అదే నెట్‌వర్క్‌ల ఇంకో దేశంల చేరిన దోస్తుకు మాత్రం మొదటి ప్రశ్నే "ఎన్ని పేపర్లు" అని. ఫండింగ్ ఒక్కటే, రూల్స్ ఒక్కటే, ల్యాబులే వేరు.

తమ్మీ, నీకు నిజంగ పనికొచ్చే ముచ్చట్లు ఇవి:

ఏ దేశమోళ్లైనా అప్లై చెయ్యొచ్చు, వయసు అడగరు. కానీ నువ్వు చేరే దేశంల అంతకుముందు 36 నెలల్ల 12 నెలలకు మించి ఉండొద్దు. జర్మనీల మాస్టర్స్ చేసి మళ్ల జర్మనీలనే డాక్టోరల్ నెట్‌వర్క్ అంటే కుదరదు. శానామంది మనోళ్లు ఈడనే ఎగిరిపోతున్నరు. ఇండియా నుంచి నేరుగ వస్తున్నవ్ కాబట్టి నీకు ఈ తిప్పల్లేదు.

జీతం అంకె చూసి ఇంట్ల చెప్పకు. నేను చేరిన కాల్‌ల (అప్లికేషన్ల ప్రకటనల) నెలకు 3,400 యూరోలు అని ఉండె. అది దేశాన్ని బట్టి హెచ్చుతగ్గులు చేస్తరు, ఆ తర్వాత యూనివర్సిటీ కట్టాల్సిన సోషల్ సెక్యూరిటీ గూడ అండ్లకెల్లే తీస్తరు, ఆఖరుకు నీ ట్యాక్స్. చేతికొచ్చేది చూసి మా నాయిన "మోసపోయినవా బిడ్డా" అన్నడు! అయినా ఈడ బతకనీకి సరిపోతది. పైగా ఇది స్కాలర్‌షిప్ కాదు, ఉద్యోగం. సిక్ లీవ్, మెటర్నిటీ లీవ్ అన్నీ ఉంటయి.

ఓపెనింగ్స్ యూరాక్సెస్ అనే రీసెర్చ్ ఉద్యోగాల పోర్టల్‌ల పెడ్తరు.

బెర్లిన్_బెజవాడ:
అసెస్‌మెంట్ గురించి అందరూ మాట్లాడతారు గానీ కాంట్రాక్టు గురించి ఎవరూ మాట్లాడరేంటి? నన్నడిగితే అసలు కథ అక్కడుంది.

జర్మనీలో 2007 నుంచి ఒక చట్టం ఉంది. పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు, అంతవరకు యూనివర్సిటీలు మనల్ని టెంపరరీగా తిప్పొచ్చు. మెడిసిన్‌లో అయితే తర్వాతిది తొమ్మిదేళ్లు. ఆ గడువు దాటితే పర్మనెంట్ ఇవ్వాలి, లేదా ప్రాజెక్టు డబ్బు మీద వేలాడాలి, లేదా బయటికి పోవాలి. ఎక్కువమంది బయటికే పోతారు. దీన్ని సమర్థిస్తూ మంత్రిత్వశాఖ ఒక కార్టూన్ వీడియో తీసింది. అందులో హన్నా అనే కల్పిత బయాలజిస్టు ఉంటుంది. కొత్తవాళ్లకు చోటు రావాలంటే పాతవాళ్లు కదలాలి, లేకపోతే వ్యవస్థ మూసుకుపోతుంది అన్నట్టు చెప్పారు అందులో. 2021లో జనం కడుపు మండి "నేనే హన్నా" అని వేలల్లో ట్వీట్లు పెట్టారు. చట్టం మారుస్తామని బిల్లు తెచ్చారు, 2024 చివర్లో ప్రభుత్వం కూలడంతో అదీ అటకెక్కింది.

మంచి కూడా చెప్పాలి. 1,000 టెన్యూర్ ట్రాక్ (పని బాగుంటే పర్మనెంట్ అయ్యే) ప్రొఫెసర్ పోస్టులకని 100 కోట్ల యూరోలు పెట్టారు, ఆ పథకం 2032 దాకా ఉంటుంది. కానీ దేశం మొత్తానికి వెయ్యి! మా బిల్డింగులో పోస్ట్‌డాక్‌లను (పీహెచ్‌డీ తర్వాత టెంపరరీగా పరిశోధన చేసేవాళ్లను) కూడేస్తేనే ఒక బస్సు నిండుతుంది.

పీహెచ్‌డీకి వచ్చేవాళ్లు ఆఫర్ లెటర్‌లో శాతం చూడండి. 50, 65, 75, 100 ఇలా ఉంటుంది. 65 శాతం అంటే జీతం 65 శాతం, పని మాత్రం అందరిలాగే. బయాలజీలో 65 మామూలు, కంప్యూటర్ సైన్స్‌లో 100 దొరుకుతుంది.

సంఖ్యే_సాక్షి:
నేను వేరే మాట చెప్తాను, తిట్టుకోకండి.

అంకెల బదులు చేసిన పనిని మాటల్లో రాసే ఈ నెరేటివ్ సీవీ అనేది మనలాంటివాళ్లకు మేలా? నేను చదివింది ప్రకాశం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ. నాకంటూ చెప్పుకోవడానికి గైడ్ పేరు లేదు, ఇన్‌స్టిట్యూట్ పేరు లేదు. ఉన్నదల్లా పేపర్లు, వాటిని ఎంతమంది సైట్ చేశారన్న అంకె. ఆ అంకే నన్ను షార్ట్‌లిస్ట్‌లో పెట్టింది. ఇప్పుడు అంకెలు తీసేసి "నీ ప్రయాణం గురించి ఒక పేజీ రాయి" అంటున్నారు. ఆ పేజీ ఎవరు బాగా రాస్తారు? ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడినవాళ్లు, మంచి సూపర్‌వైజర్ పక్కన కూర్చోబెట్టుకుని దిద్దించినవాళ్లు. అంకె గుడ్డిదే, ఒప్పుకుంటాను. కానీ గుడ్డిది కాబట్టే నా ఊరు చూడలేదు.

ఇది నా ఒక్కడి గోల కాదు. 2021లో యూట్రెక్ట్ యూనివర్సిటీ నియామకాల్లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వదిలేస్తున్నామని ప్రకటిస్తే, 171 మంది డచ్ శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. అంతర్జాతీయంగా పోల్చడానికి ఆధారం పోతుంది, ఇష్టాయిష్టాలకు తలుపు తెరిచినట్టవుతుంది అన్నారు.

డెల్ఫ్ట్_గోదావరి:
సాక్షి గారూ, ఆ లేఖకు ఎదురు లేఖలు కూడా వచ్చాయి, అందులో చాలామంది చిన్నవాళ్లే. కానీ మీ బాధలో న్యాయం ఉంది, కొట్టిపారెయ్యను. ఇక్కడ నెదర్లాండ్స్‌లో 2019లో యూనివర్సిటీలు, ఫండింగ్ సంస్థలు కలిసి అందరి ప్రతిభకూ చోటుండాలని ఒక పత్రం తెచ్చాయి. టీచింగ్, టీమ్‌ను నడపడం, డేటా పంచుకోవడం అన్నీ లెక్కలోకి రావాలన్నారు. వినడానికి బాగుంది. ఆచరణలో కొన్ని విభాగాల్లో ఏమైందంటే, పేపర్లూ కావాలి, ఇవన్నీ కూడా కావాలి. భారం తగ్గలేదు, పెరిగింది.

నేను ఒకసారి ఒక నియామక కమిటీలో జూనియర్ సభ్యుడిగా కూర్చున్నాను, ఏ యూనివర్సిటీ అన్నది వదిలెయ్యండి. ఫారంలో ఎక్కడా హెచ్-ఇండెక్స్ లేదు, ఛైర్మన్ మొదట్లోనే రూల్స్ చదివి వినిపించాడు. పావుగంట కాకముందే పక్కాయన బల్ల కింద ఫోన్‌లో ఆ అంకెలు చూపించే గూగుల్ స్కాలర్ తెరిచాడు. ఎవరూ ఏమీ అనలేదు. అయితే ఆ రోజు ఉద్యోగం వచ్చినామెకు అంకెలు తక్కువే. ఆమె రాసిన సాఫ్ట్‌వేర్‌ను మా రంగంలో అందరం వాడుతున్నాం, పాత ఫారంలో అది రాసుకోవడానికి గడే ఉండేది కాదు. అందుకే కొత్త ఫారం వల్ల ఏమీ జరగలేదని నేననలేను.

ఇంకోటి, అంకె మీ ఊరు చూడదన్నారు. జర్నల్ ఎడిటర్ చూస్తాడు కదండీ! మీ పేపర్ రివ్యూకు వెళ్లకుండా ఎడిటర్ డెస్క్ మీంచే తిరిగొచ్చిందా లేదా అన్నది ఇన్‌స్టిట్యూట్ పేరు మీద కూడా ఆధారపడుతుందని మనందరికీ తెలుసు.

సంఖ్యే_సాక్షి:
ఎడిటర్ సంగతి ఒప్పుకున్నాను. బల్ల కింద ఫోన్ సంగతి మాత్రం నా వైపు సాక్ష్యమే 🙂 ఎలాగూ చూసేదాన్ని బల్ల మీద పెట్టి చూడమంటాను.

కృష్ణాతీరం:
మీరంతా అక్కడుండిపోతారేమో, తిరిగొచ్చేవాళ్ల గురించి నేను చెప్పాలి. ఇద్దరు పిల్లలతో నెదర్లాండ్స్‌లో పోస్ట్‌డాక్ ముగించి ఇంటికొచ్చాను. అక్కడి గ్రాంటు పద్ధతికి అలవాటుపడి తక్కువ పేపర్లు, పూర్తి డేటాతో, ప్రీప్రింట్లతో (రివ్యూకు ముందే అందరికీ పెట్టిన పేపర్లు) వచ్చాను. ఇక్కడ ఒక యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు వెళ్తే స్కోర్ షీట్ చేతికిచ్చారు.

2018 యూజీసీ నిబంధనల్లో పాయింట్ల పట్టిక ఉంది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పది దాటితే పేపర్‌కు అదనంగా 30 పాయింట్లు, ఒకటికి లోపుంటే 10. ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం. ముగ్గురుంటే ముఖ్య రచయితకు 70, మిగతావాళ్లకు తలా 30. యూరప్ వద్దని ఒప్పందం రాసుకున్న లెక్క, మనకు గెజిట్‌లో ఉంది. డేటాసెట్‌కు ఎన్ని పాయింట్లని అడిగాను. ఆ క్లర్కు నావైపు జాలిగా చూశాడు.

మన దగ్గరా కదలిక లేకపోలేదు. పీహెచ్‌డీ సబ్మిట్ చెయ్యడానికి పేపర్ తప్పనిసరి అన్న నిబంధన 2022లో తీసేశారు. డబ్బులు తీసుకుని అచ్చేసే జర్నల్స్‌కు అదే మేత అని అందరికీ తెలుసు. 2025 జనవరిలో వచ్చిన యూజీసీ ముసాయిదాలో పాయింట్ల బదులు తొమ్మిది రకాల కృషిలో కనీసం నాలుగు చూపించాలన్నారు. చదివితే యూరప్ గాలి కొంచెం తగిలినట్టే ఉంది. అయితే ఎంపిక పూర్తిగా కమిటీ చేతిలో పెడితే మన దగ్గర ఏం జరుగుతుందో సాక్షి గారికే బాగా తెలుసు. ఆయన వాదన నెదర్లాండ్స్‌లో నాకు నచ్చేది కాదు, ఇక్కడికొచ్చాక నచ్చుతోంది.

కాబట్టి తిరిగిరావాలని ఏ మూలైనా ఆలోచన ఉంటే రెండు సీవీలు పెట్టుకోండి. మొదటి రచయితగా ఒకటి రెండు పేపర్లు ఇండెక్స్ అయిన (పేరున్న డేటాబేసుల్లో నమోదైన) జర్నల్స్‌లో ఉండేలా చూసుకోండి.

లండన్_లక్ష్మి:
యూకేలో కూడా ఇదే. ఇక్కడి ప్రభుత్వ పరిశోధనా నిధుల సంస్థ యూకేఆర్ఐ నెరేటివ్ సీవీకి మారింది. రాయడం నేర్పే వర్క్‌షాపులు మా యూనివర్సిటీలో నిండిపోతున్నాయి. ఇంగ్లీషు సంగతి అడిగితే, గ్రాంట్ ఆఫీసువాళ్లు దిద్దిపెడతారు, సిగ్గుపడకుండా పంపండి.

బెర్లిన్_బెజవాడ:
దిద్దించుకుంటే సరిపోదండీ, పోటీ చూడండి. 2025లో మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు 17 వేలకు పైగా అప్లికేషన్లు వచ్చాయి, 2024లో పది వేల చిల్లర. పెట్టిన డబ్బు 40 కోట్ల యూరోలు, పది మందిలో ఒకరికి రావడం కష్టం. అమెరికాలో గ్రాంట్లు కోసేస్తున్నారని యూరప్ ఆ ఏడాది మేలో 50 కోట్ల యూరోల ప్యాకేజీ ప్రకటించి రండి రండి అంది, జనం వచ్చారు. అన్ని వేల నెరేటివ్‌లు ఒక్కొక్కటీ శ్రద్ధగా చదివే ఓపిక ఏ రివ్యూయర్‌కుంటుంది? అలసిపోయినవాడు మళ్లీ జర్నల్ పేరే చూస్తాడు.

డెల్ఫ్ట్_గోదావరి:
అది పోస్ట్‌డాక్ సంగతి, పీహెచ్‌డీ అప్లికేషన్లు అంత భయంకరంగా ఉండవు, పిల్లాణ్ని బెదరగొట్టకండి.

నేను చూసినవాటిలో నికరంగా లాభం జరిగింది ఒకటి చెప్పాలి. వేరేవాళ్ల ప్రయోగాన్ని మళ్లీ చేసి చూడ్డానికి డబ్బివ్వడం. 2016లో డచ్ ఫండింగ్ సంస్థ ఎన్‌డబ్ల్యూఓ కేవలం రెప్లికేషన్ కోసం 30 లక్షల యూరోలు పక్కన పెట్టింది. కొత్తదనం లేదన్న కారణంతో తిరగ్గొట్టే పనికి అధికారికంగా గ్రాంటు! తర్వాత హొరైజన్ యూరప్ కూడా ఐరైజ్, ఒసైరిస్, టియర్2 అని మూడు ప్రాజెక్టులకు ఇచ్చింది, ఏ పద్ధతులు పాటిస్తే ఫలితాలు మళ్లీ వస్తాయో తేల్చమని. ఓపెన్ సైన్స్ (పేపర్లు, డేటా అందరికీ తెరిచిపెట్టడం) కోసం ఇక్కడ 2031 దాకా ఏడాదికి 2 కోట్ల యూరోలు అన్నారు. ఇలాంటి చోట్ల డేటా చూసుకునే ఉద్యోగాలు పుట్టాయి. ప్రొఫెసర్ కాని, పోస్ట్‌డాక్ కాని మూడో దారి అది. జీతం బానే ఉంటుంది.

ఓరుగల్లు_బయో:
అందరికీ శాన థాంక్స్. నాకు ఒక నెగిటివ్ రిజల్ట్ (అనుకున్నది రాని ఫలితం) ఉంది. మా గైడ్ గారు పబ్లిష్ కాదన్నరు. దాన్ని సీవీల రాయొచ్చునా? నేను ఇట్ల రాసిన, చూడున్రి: "రెండు పరిశోధనా పత్రాలకు సహకరించాను, బృందంలో పనిచేసే నైపుణ్యం ఉంది, నేర్చుకోవాలన్న తపన ఉంది."

పాలమూరు_పిల్ల:
తపన తీసెయ్ తమ్మీ, అందరికీ ఉంటది. "సహకరించిన" అంటే ఏం చేసినవ్? జెల్ నడిపినవా, డేటా ప్లాట్ చేసినవా, రాసినవా? ఒక్కో పేపర్‌కు రెండు వాక్యాలు, ప్రశ్న ఏంది, అండ్ల నీ చెయ్యి ఏడుంది.

డెల్ఫ్ట్_గోదావరి:
నెగిటివ్ రిజల్ట్ తప్పకుండా రాయి. ముందు మీ గైడ్ గారి అనుమతి తీసుకో, ప్రాజెక్టు డబ్బు ఎవరిదో వాళ్ల నియమాలు చూసుకో. ఆయన సరేనంటే డేటా, ప్రొటోకాల్ జెనోడోలో పెట్టు. అది డేటా దాచే వెబ్‌సైటు, జెనీవా దగ్గరి ఫిజిక్స్ ల్యాబ్ సెర్న్ నడుపుతుంది, ఫ్రీ, డీఓఐ (శాశ్వత గుర్తింపు నంబరు) ఇస్తుంది. సీవీలో ఆ డీఓఐ రాసి, ఎన్నిసార్లు రిపీట్ చేశావో, కంట్రోల్ ఏం పెట్టావో ఒక్క వాక్యం రాయి. ఆయన వద్దంటే డేటా పెట్టకుండా ఇంటర్వ్యూలో నోటితో ఏం చెప్పొచ్చో కూడా అడిగి పెట్టుకో.

ఓరుగల్లు_బయో:
సార్ సోమవారం వస్తరు, అడుగుత. పెర్సెంటేజీ సంగతి ఇంటర్వ్యూల అడిగితే ఏమన్న అనుకుంటరా?

బెర్లిన్_బెజవాడ:
ఏమీ అనుకోరు, జర్మన్లకు కాగితం అడిగేవాడంటేనే గౌరవం. ఎంత శాతం, ఎన్నేళ్లు, డబ్బు ప్రాజెక్టుదా యూనివర్సిటీదా, ప్రాజెక్టు ముగిసేసరికి థీసిస్ అవ్వకపోతే పొడిగింపు ఎవరిస్తారు. ఈ నాలుగూ మెయిల్‌లో అడుగు, జవాబు కూడా మెయిల్‌లోనే రావాలి.