సమస్యాపూరణం: "నిప్పు రాజుకొనును నీరు పోయ"

నిర్వాహకులు: ఈ వారం పాదం పైన ఉంది. శేషాచలం, నల్లమల పొదల్లో వానాకాలం మంటలా విరిసే అడవినాభి తీగ మీదే పూరించాలి. పేరు రానక్కరలేదు గానీ, పెంపకం తెలిసినవారి పద్యమని తెలియాలి.

వనమాలి:
ఎండలోన దుంప యిసుకలో నిద్రించు
తొలకరులకు తడిసి తొడుగు చిగురు
ఆకు కొనలఁ బట్టి యంచు లెఱ్ఱగ విచ్చు
నిప్పు రాజుకొనును నీరు పోయ

తేటగీతి: "ఆకు కొనలఁ బట్టి" దగ్గరే పద్యం గెలిచింది. దీనికి వేరే నులితీగలు లేవు, ఆకు కొసే మెలితిరిగి పట్టుకుంటుంది. అందుకే లావు గుంజ పాతితే ఎక్కదు. సన్నని పుల్లలో, కంచె తీగో మనిషెత్తు కట్టాలి. కానీ వనమాలిగారూ, "చిగురు / ఆకు" విసంధి, అంటే కలపవలసిన చోట సంధి చేయకుండా వదిలారు. పాదం విరిగినంత మాత్రాన ఉత్వసంధి ఆగదు. "తొడుగు చిగురు / లాకు కొనలఁ బట్టి" అంటే సంధీ కుదురుతుంది, స్వరయతీ నిలుస్తుంది.

వనమాలి: తీసుకున్నాను. "ఇసుకలో" అన్నది మాత్రం యతి కోసం వేసిన మాట కాదు. ఆకులు పసుపెక్కగానే నీళ్ళు ఆపి, కాడ ఎండాక దుంప తవ్వి, నీడలో పొడి ఇసుకలో దాచాలి. నిద్రలో ఉన్న దుంపకు తడి తగిలితే కుళ్ళే. తొలకరికి మళ్ళీ నాటేటప్పుడు 50-60 గ్రాముల దుంపను మూడంగుళాల లోతున అడ్డంగా పడుకోబెట్టాలి. కన్ను కొన మీద ఒక్కటే ఉంటుంది. అది విరిగితే ఆ కొమ్ము మొలవదు. రెండు కొమ్ముల దుంపను మధ్యలో విడదీసి రెండు మొక్కలు చేసుకోవచ్చు. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు ఆకుల ఎరువు చాలు. బంకమట్టి వద్దు.

గిరిక:
గడ్డ తీపి యనుచుఁ గడుపున వేసిన
గొంతు మండి పొట్ట కుతకుత మను
కాల్చిసీను విషము కడిగినఁ బోవునా
నిప్పు రాజుకొనును నీరు పోయ

తేటగీతి: భేష్! అందరూ పూవులో నిప్పు వెతుకుతుంటే గిరికగారు కడుపులో చూపించారు. చిలగడదుంప అనుకుని తినేవాళ్ళకు ముందు గొంతే మండుతుంది, ఆపైన వాంతులు, విరేచనాలు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దుంప కోసేటప్పుడు చేతులకు తొడుగులుండాలి.

వనమాలి: విరుపు బాగుంది, అన్వయం బాగాలేదు. "పోయ" అంటే పోయగా అని అర్థం. గిరికగారికి కావలసింది "పోసినను". అన్నంతం ("పోయన్" లాంటి రూపం) నుంచి అప్యర్థం ("అయినా కూడా" అనే అర్థం) రాదు.

గిరిక: మండిన గొంతులో నీళ్ళు పోయగానే లోపల ఇంకా రగులుతుందని నా భావం. అప్యర్థం నాకు అక్కరలేదు.

కొండగోగు:
పసుపుగాను విరిసి పదపడి యెఱుపెక్కు
కీల మొరగి పక్క కేగుఁ గాన
చేతితోడ నద్ద సిద్ధించును విత్తులు
నిప్పు రాజుకొనును నీరు పోయ

నిర్వాహకులు: "సిద్ధించును"లో "ను" అదనం. "సిద్ధించు విత్తులు" అంటే గణం సరి. రెండో పాదం ఈ వారపు పాదాలన్నిటిలోకీ నాకు నచ్చింది. కీలం, అంటే పూవు నడుమ ఉండే ఆడ భాగపు కాడ, పక్కకు మడత పడుతుంది కనుక పుప్పొడి దానంతట అది సరిగా అందదు. ఉదయం పూట వేరే తీగ పుప్పొడిని కుంచెతో కీలాగ్రానికి (ఆ కాడ కొసకు) అద్దితే కాయ బాగా నిలుస్తుంది.

తేటగీతి: గణం సరే, కాలం మాటేమిటి? విత్తనం మొలిచిన మొక్క పూయడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. మూడో పాదంలో విత్తు, నాలుగో పాదంలో మంట! వనమాలిగారి దుంప అయితే ఆ వానలకే పూస్తుంది.

గిరిక: కొండగోగుగారికి ఏళ్ళ లెక్క ఎప్పుడూ కుదరదు. పోయిన నెల నీలకురింజి పూరణలో "ఏటికేడు పూచు" అనలేదూ? మున్నారులో 2006లో పూసింది, మళ్ళీ 2018లో పూసింది. ఇక 2030లోనే.

కొండగోగు: ఆ కుటుంబంలో ఏటా పూసే జాతులూ ఉన్నాయి. నేను రాసింది వాటి గురించి.

గిరిక: అయితే ఆ పద్యంలో "నీలకురింజి" తీసి, ఏటా పూసే జాతి పేరు పెట్టండి. పన్నెండేళ్ళది ఒకసారి పూసి, విత్తు రాల్చి చచ్చిపోతుంది. మరుసటి ఏడు పూయడానికి ఆ పొద ఉండదు.