విశాఖ కోవిడ్ లెక్కలతో ప్రాజెక్టు చేస్తున్నా, గ్రాఫ్ ఎందుకిలా గెంతుతోంది?

సిరిపురం_స్టాట్స్:

అందరికీ నమస్కారం. ఏయూలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం విశాఖపట్నం జిల్లా కోవిడ్ లెక్కలు తీసుకున్నాను. వాలంటీర్లు నడిపిన కోవిడ్19ఇండియా సైట్ పాత ఫైళ్లు 2021 అక్టోబర్ 31 దాకా దొరికాయి. ఆ తర్వాతవి రాష్ట్ర ఆరోగ్యశాఖ బులెటిన్లు చూసి ఎక్సెల్‌లో కొట్టుకున్నాను. గ్రాఫ్ గీశాక మొదలైంది తలనొప్పి.

కేసులు ఒకరోజు పడిపోతాయి, రెండు రోజుల్లో మళ్లీ లేస్తాయి, వారం వారం ఇదే వరస. కోలుకున్నవాళ్ల గీత చూస్తే కేసుల గీతనే కాస్త కుడివైపుకి జరిపినట్టుంది. 2022 జనవరిలో కేసులు నిట్టనిలువుగా లేచి, అంతే వేగంగా కూలిపోయాయి. ఆ ఏడాది ఏప్రిల్ దాటాక లక్ష జనాభాకి ఎన్ని అని లెక్క కడితే అర్థంలేని అంకెలు వస్తున్నాయి.

పైగా మా గైడ్ గారికి ఒక్క వాక్యంలో జవాబు కావాలట: మొదటి వేవ్ కన్నా రెండో వేవ్ ఎన్ని రెట్లు పెద్దది? రాష్ట్రం మొత్తం మీద 2020 ఆగస్టు చివర రోజుకి 10 వేలు దాటాయి, 2021 మే మధ్యలో 24 వేలు దాటాయి. సుమారు 2.2 రెట్లు అని రాసేస్తే సరిపోతుందా? ఆ రోజుల్లో ఈ డేటాతో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

రుషికొండ_కోడర్:

బ్రో, ముందు ఏడు రోజుల సగటు వెయ్యి, సగం గెంతులు పోతాయి. ఆదివారం శాంపిల్స్ తక్కువ తీస్తారు కాబట్టి ఆ వెంటనే ఒకటి రెండు రోజులు కేసులు తక్కువ కనబడతాయి, అంతే.

ఎక్సెల్‌లో కొట్టానన్నావు కాబట్టి ఒక ముచ్చట. 2020 సెప్టెంబర్ చివర ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల పాజిటివ్‌లు లెక్కలోకి రాలేదు. కారణం పాత రకం ఎక్సెల్ ఫైల్. అందులో 65,536 వరసలకు మించి పట్టవు, మిగిలినవి చప్పుడు లేకుండా తెగిపోయాయి. దేశం సంగతే అలా ఉంటే మనమెంత. నీ ఫైల్ చివరి వరస ఓసారి చూసుకో.

గాజువాక_అక్క:

తమ్ముడూ, సగటు వెయ్యడం మంచిదే. కానీ సగటు గెంతుల్ని చదును చేస్తుంది, ఎందుకు గెంతాయో చెప్పదు. నేను ఆ రోజుల్లో నగరంలో ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో కాంట్రాక్టు డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. నీ గ్రాఫ్‌లో కొన్ని చుక్కలు నా కీబోర్డులోంచి వచ్చినవే అయ్యుంటాయి. అవి ఎలా పుట్టాయో చెప్తాను, కాస్త పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ఒక్క శాంపిల్‌కి మా దగ్గర మూడు తేదీలు ఉండేవి. స్వాబ్ తీసిన తేదీ, మిషన్‌లో పెట్టిన తేదీ, రిజల్ట్ పోర్టల్‌లో ఎక్కించిన తేదీ. బులెటిన్‌లో "గడిచిన 24 గంటల్లో" అని ఉంటుందే, అది ఈ మూడోదానికి దగ్గర. జబ్బు అంటుకున్న తేదీ వీటిలో ఏదీ కాదు. వైరస్ సోకిన ఐదారు రోజులకి జ్వరం వస్తుంది. "ఆఁ, మామూలు జ్వరమేలే" అని డోలో వేసుకుని ఒకటి రెండు రోజులు చూస్తారు. తర్వాత క్యూ. ఆ తర్వాత మా గదిలో పేరుకుపోయిన ట్రేలు. కాబట్టి నీ గ్రాఫ్‌లో ఒక శిఖరం ఏ తేదీన కనబడుతోందో, ఆ జనానికి అంటుకున్నది దానికి వారం పైనే, ఒక్కోసారి రెండు వారాల ముందు. లాక్‌డౌన్ పెట్టిన మర్నాడు కేసులు తగ్గలేదేమిటని అప్పట్లో టీవీల్లో అరుచుకునేవారు. మర్నాడెలా తగ్గుతాయి?

2021 ఏప్రిల్ చివర, మే మొదట్లో అయితే మా దగ్గర శాంపిల్స్ రోజుల తరబడి ఆగిపోయేవి. కిట్లు వచ్చిన రోజునో, పోర్టల్ సరిగ్గా తెరుచుకున్న రోజునో ఆగినవన్నీ ఒక్కసారిగా ఎక్కించేవాళ్లం. తెల్లారితే "విశాఖలో కేసుల విజృంభణ" అని పేపర్లో. ఆ రోజు విజృంభించింది మేమండీ! ఇలాంటి గుట్టని ఏడు రోజుల సగటు కూడా పూర్తిగా సర్దలేదు. ఆ రోజు శాంపిల్స్ ఎన్నో పక్కన పెట్టుకుని చూడు, కేసులూ టెస్టులూ కలిసి లేచాయంటే అనుమానించు.

ఇంకోటి. ఎస్ఆర్ఎఫ్ నంబర్ అని ఒకటి ఉండేది, శాంపిల్‌తో పాటు నింపే స్పెసిమెన్ రిఫరల్ ఫారం నంబరన్నమాట. అది శాంపిల్‌కి ఇచ్చే నంబర్, మనిషికి కాదు. ర్యాపిడ్ టెస్టులో నెగిటివ్ వచ్చినా జ్వరం, దగ్గు ఉంటే ఆర్‌టీపీసీఆర్ చేయించాలన్నది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) రూలు. అంటే ఒకే మనిషి, రెండు టెస్టులు. నెగిటివ్ కాగితం తెస్తేనే డ్యూటీకి రానిస్తామనే కంపెనీల పుణ్యమా అని మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు వేరు. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్ నంబర్. అదే మనిషి పేరు ఒకసారి ఇంటిపేరుతో, ఇంకోసారి లేకుండా. బులెటిన్‌లో ఉన్న శాంపిల్స్ సంఖ్యని "ఇంతమందికి పరీక్షలు" అని మాత్రం రాయకు.

అడ్రస్ గడి గురించి చెప్పాలంటే ఇంకో పోస్టు పడుతుంది. "మీదే ఊరమ్మా?" అంటే ఉంటున్న చోటు మానేసి ఆధార్‌లో ఉన్న ఊరు చెప్పేవారు. కంచరపాలెంలో అద్దెకుంటూ పలాస అని రాయించినవాళ్లు ఉన్నారు. పార్వతీపురం నుంచి చూపించుకోడానికి వచ్చి, అక్కయ్యపాలెంలో మేనమామ ఇంటి అడ్రస్ ఇచ్చినవాళ్లూ ఉన్నారు. నీ జిల్లా లెక్క మొత్తం ఆ గడి మీద నిలబడి ఉంది.

కోలుకున్నవాళ్ల గీత నువ్వు బాగానే పట్టావు. 2020 మేలో డిశ్చార్జ్ రూలు మార్చారు. లక్షణాలు తక్కువగా ఉన్నవాళ్లకి మళ్లీ టెస్ట్ అక్కర్లేదు, లక్షణాలు మొదలై పది రోజులై, చివరి మూడు రోజులు జ్వరం లేకపోతే పంపించేయొచ్చు. ఇంట్లో ఉన్నవాళ్లకీ రోజుల లెక్కే. 2022 జనవరిలో హోం ఐసొలేషన్‌ని ఏడు రోజులకి తగ్గించారు. అంటే అది చాలావరకు క్యాలెండర్ గీత, ఎవరూ వెళ్లి నాడి చూసి రాసింది కాదు. యాక్టివ్ కేసులు కూడా దీన్నుంచే వస్తాయి కాబట్టి, రూలు మారితే జబ్బు తగ్గకపోయినా యాక్టివ్ కేసులు తగ్గుతాయి. వాటి మీద ప్రాజెక్టు కట్టకు.

2022 జనవరి నాటికి నేను ఆ పని మానేశాను. కానీ బయటినుంచి చూసినా తెలిసిపోయింది. ఒమిక్రాన్ వచ్చింది, కేసులు లేచాయి. జనవరి 10న ఐసీఎంఆర్ కొత్త సలహా ఇచ్చింది: పాజిటివ్ వచ్చినవాళ్లతో కలిసి తిరిగినా, లక్షణాలు లేకుండా, వయసో వేరే జబ్బులో లేకుండా ఉంటే టెస్ట్ అక్కర్లేదని. దాని వెనకే సంక్రాంతి. భోగి నుంచి కనుమ దాకా ఈ ఊళ్లో ఎవరుంటారు, టెస్ట్ చేయించుకునేదెవరు? ఇక మందుల షాపుల్లో ఇంట్లో చేసుకునే కిట్లు. రిజల్ట్‌ని యాప్‌లో ఎక్కించాలని డబ్బా మీద ఉంటుంది. ఎక్కించినవాళ్లని నేనైతే చూడలేదు. నీ గ్రాఫ్‌లో ఎక్కే గీతని ఒక కొలతతో, దిగే గీతని ఇంకో కొలతతో కొలిచారన్నమాట. దిగడం నిజమే, అంత నిట్టనిలువుగా దిగిందా అన్నదే అనుమానం.

ఏప్రిల్ సంగతికి జబ్బుతో పనే లేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి కదా. అనకాపల్లి వేరైపోయింది, పాడేరు, అరకు వైపు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత జిల్లా 42.9 లక్షలు. ఇప్పటి విశాఖ జిల్లా పరిధిలో ఆ లెక్కల్లోనే దాదాపు 19.6 లక్షలు. పైన కొత్త జిల్లా కేసులు, కింద పాత జిల్లా జనాభా పెడితే అంకెలు అలాగే ఏడుస్తాయి. 2021లో జనగణన జరగలేదు కాబట్టి కింద పెట్టే అంకె ఎలాగూ పాతదే, ఆ మాట ప్రాజెక్టులో రాసెయ్.

సిరిపురం_స్టాట్స్:

అక్కా, దణ్ణం. పోర్టల్ తేదీ సంగతి నేను చదివిన ఏ పేపర్లోనూ లేదు. ఒక్క డౌట్. కేసులంటే టెస్టుల మీద ఆధారపడతాయి, సరే. మరణాలు అలా కాదు కదా, మనిషి ఉన్నాడా లేడా అన్నదే. వాటితో రెండు వేవ్‌లనీ పోల్చెయ్యొచ్చా?

పెదవాల్తేరు_మాస్టారు:

బాబూ, గణాంక శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఈ ప్రశ్నకి నేను చెప్తాను. మనిషి పోయాడన్నది తెలుస్తుంది. దేనివల్ల పోయాడని రాశారన్న దగ్గరే చిక్కంతా. టెస్ట్ రిజల్ట్ రాకముందే పోయిన మనిషిని కోవిడ్ మరణంగా రాశారా? ఇంట్లోనే పోతే? 2021 జూన్‌లో బీహార్ తన లెక్కల్ని సరిచూసుకుని, అంతకుముందు రాయని దాదాపు 4 వేల మరణాల్ని ఒకేసారి కలిపింది. దాంతో ఆ రోజు దేశం మొత్తం లెక్క 6 వేలు దాటింది. గ్రాఫ్ చూసినవాడు ఆ ఒక్కరోజే అంతమంది పోయారనుకుంటాడు. అవన్నీ గడిచిపోయిన వారాలవి.

అందుకే మేము అదనపు మరణాలు అనే పద్ధతి చూస్తాం. కారణం జోలికి పోకుండా, ఆ నెలలో నమోదైన మొత్తం మరణాల్లోంచి 2018, 2019ల్లో అదే నెల సగటు తీసేస్తే ఎంత మిగిలింది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో ఇచ్చిన అంచనా ఈ పద్ధతిదే. 2020, 2021 కలిపి భారత్‌లో సుమారు 47 లక్షల అదనపు మరణాలు అంది. మన అధికారిక కోవిడ్ మరణాలు 2021 చివరికి 4.8 లక్షలు. వాళ్లు లెక్కకట్టిన తీరుని కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. నువ్వు రెండూ రాయి, తేడా ఎందుకుందో చర్చించు.

ఇక్కడ విశాఖకి ప్రత్యేకమైన తిరకాసు ఒకటుంది. 1969 నాటి చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి, సొంతూళ్లో కాదు. కేజీహెచ్, విమ్స్ లాంటి ఇక్కడి పెద్దాసుపత్రులకి శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా వస్తారు. వాళ్లలో ఇక్కడ కన్నుమూసినవాళ్లు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) రిజిస్టర్‌లోకే వస్తారు. అదంతా నగరానికి అంటగడితే విశాఖ భయంకరంగా, పక్క జిల్లాలు చల్లగా కనబడతాయి. మూడు పాత ఉత్తరాంధ్ర జిల్లాల్ని కలిపి ఒకటిగా చూడు, ఈ తప్పు చాలావరకు పోతుంది.

2020 ఏప్రిల్‌లో నమోదైన మరణాలు మామూలుకన్నా తక్కువగా కనబడితే కంగారుపడకు. లాక్‌డౌన్‌లో రోడ్డు ప్రమాదాలు తగ్గాయి, ఆఫీసులకు వెళ్లి నమోదు చేయించుకునేవాళ్లూ తగ్గారు. మరణం జరిగిన 21 రోజుల్లో నమోదు చేయాలని ఉన్నా ఆలస్యంగా వచ్చేవి చాలా ఉంటాయి. ఆఫీసులో తేదీలు అడిగేటప్పుడు నమోదు తేదీ వద్దు, మరణించిన తేదీ కావాలని అడుగు.

రుషికొండ_కోడర్:

మాస్టారూ, సూపర్. టెస్టులతో, రిజిస్టర్లతో పనిలేని దారి ఇంకొకటి ఉంది, మురుగునీరు. సోకినవాళ్లు లక్షణాలు ఉన్నా లేకపోయినా వైరస్ ముక్కల్ని విసర్జిస్తారు కదా. 2020లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ వాళ్లు మురుగునీటి శాంపిల్స్ చూసి, 35 రోజుల వ్యవధిలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉండొచ్చని అంచనా వేశారు. ల్యాబ్‌లో నమోదైన లెక్క దాని దరిదాపుల్లో కూడా లేదు.

గాజువాక_అక్క:

మాస్టారు గారికి నమస్కారం. అడ్రస్ గడి గురించి నేను ఏడ్చిన ఏడుపే మీ రిజిస్టర్‌లోనూ ఉందన్నమాట.

తమ్ముడూ, ఇక మీ గైడ్ గారి 2.2 సంగతి. 2020 ఆగస్టు 26న రాష్ట్రంలో 10,830 కేసులు, శాంపిల్స్ 62 వేల దగ్గర. 2021 మే 16న 24 వేల పైచిలుకు కేసులు, శాంపిల్స్ 94 వేల పైన. భాగించి చూడు: మొదటిది నూటికి 17, 18 మధ్య, రెండోది 25 పైన. మామూలుగా టెస్టులు పెంచితే నూటికి వచ్చే పాజిటివ్‌లు తగ్గాలి, ఎందుకంటే లక్షణాలు అంతగా లేనివాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. ఇక్కడ టెస్టులు ఒకటిన్నర రెట్లు అయ్యాయి, అయినా పాజిటివ్ శాతం పెరిగింది. అంటే పట్టుకోలేకపోయినవాళ్లు రెండోసారే ఎక్కువ. కేసుల్లో 2.2 అన్నది అసలు తేడాకన్నా తక్కువే అయ్యుండాలి.

దీన్ని ఐసీఎంఆర్ సీరో సర్వేలతో, అంటే ఎంతమంది రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయో చూసిన సర్వేలతో, సరిచూసుకోవచ్చు. దేశం మొత్తం మీద 2020 డిసెంబర్, 2021 జనవరి సర్వేలో దాదాపు 21 శాతం మందిలో యాంటీబాడీలు. జూన్, జూలై సర్వేలో 67 శాతం. రెండోదాంట్లో టీకా వేయించుకున్నవాళ్లు కూడా కలిసి ఉంటారు, అది తీసేయకుండా తీసివేత చేయకు.

కాబట్టి ఒక్క వాక్యమే కావాలంటే "నమోదైన రోజువారీ గరిష్ఠ కేసుల్లో సుమారు 2.2 రెట్లు" అని ఆ "నమోదైన" అన్న మాటతో సహా రాయి. శాతాలు దాని పక్కనే పెట్టు, గైడ్ గారు ఒకటి చదివి రెండోది వదిలెయ్యకుండా. 2021 అక్టోబర్ 31 దగ్గర నిలువు గీత గియ్యి, అక్కడ నీ డేటా మూలం మారింది. 2022 ఏప్రిల్ 4 దగ్గర ఇంకోటి, అక్కడ జిల్లాయే మారింది. అడ్డం గీత కింద "తేదీ" అని వదిలెయ్యకుండా "రిజల్ట్ వెల్లడైన తేదీ" అని రాయి.

వీలైతే ఐసీఎంఆర్ అప్పట్లో ఇచ్చిన ఆ స్పెసిమెన్ రిఫరల్ ఫారం వెతికి చూడు. అందులో లక్షణాలు మొదలైన తేదీకి గడి ఉంది. నీకు నిజంగా కావాల్సింది అదే. మా దగ్గరికి మాత్రం అది ఎక్కువసార్లు ఖాళీగానే వచ్చేది, రద్దీ రోజుల్లో అయితే స్వాబ్ తీసిన తేదీనే అక్కడా వేసి పంపేసేవారు. కాబట్టి ఎవరైనా ఆ గడి ఉన్న ఫైల్ నీకిస్తే, రెండు తేదీలూ ఒకటే ఉన్న వరసలెన్నో ముందు లెక్కపెట్టుకో.