తెలుగు పేర్లు తెగిపోతున్న యాప్: ఏ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో రాయాలి, ఏం టెస్ట్ చేయాలి?

కావలి కోడర్
రొయ్యల రైతుల కోసం ఒక యాప్ పని చేతికొచ్చింది. రైతు పేరు, చెరువు నంబర్, రోజువారీ మేత, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) రోజున కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు), తూకం, రేటు. ఇంతే పని. పాత యాప్ ఎవరో రాసి వదిలేశారు. అందులో వెంకటేశ్వర్లు అని ఎక్కించిన రైతు బిల్లులోకి వచ్చేసరికి వెంకటేశ్వర అయిపోతున్నాడు. అదే ఊళ్లో, అదే ఇంటిపేరుతో వెంకటేశ్వర అనే మనిషి నిజంగానే ఉన్నాడు. ఇద్దరి లెక్కలూ కలిసిపోతున్నాయి. మొత్తం కొత్తగా రాద్దామంటే ఒకరు గో అంటారు, ఒకరు టైప్‌స్క్రిప్ట్ అంటారు, ఇంకొకరు పైథాన్ చాలంటారు. మన జిల్లాల్లో ఇలాంటివి చేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

ఒంగోలు టెస్టర్
లాంగ్వేజ్ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. ముందు డేటాబేస్‌లో పేరు కాలమ్ 30 బైట్లు ఉందేమో చూడు. యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను దాచుకునే ఒక పద్ధతి) తెలుగు కోడ్, అంటే అక్షరం గానీ గుణింతపు గుర్తు గానీ, ఒక్కోటి 3 బైట్లు. వెంకటేశ్వర్లులో గుణింతాలు, సున్నా, పొల్లులు అన్నీ విడివిడిగా లెక్కపెడితే 13 కోడ్‌లు, అంటే 39 బైట్లు. 30 దగ్గర కోస్తే 10 కోడ్‌లు మిగులుతాయి. అవి సరిగ్గా "వెంకటేశ్వర". తెగినట్టు కూడా కనపడదు, ఎందుకంటే అదీ పేరే. చెత్త అక్షరం వచ్చుంటే మొదటి రోజే ఎవరో ఒకరు ఫోన్ చేసేవాళ్లు.

ఇదే పేరు పొడవు అడిగితే గో, రస్ట్ 39 అంటాయి. పైథాన్, జావా, జావాస్క్రిప్ట్ 13 అంటాయి. చదివే మనిషికి కనపడేవి వెం, క, టే, శ్వ, ర్లు, మొత్తం 5. ఏ లాంగ్వేజూ తప్పు చెప్పడం లేదు, ఒక్కోటి ఒక్కో దాన్ని లెక్కపెడుతోంది. మనకు కావాల్సింది ఏదో మనమే తేల్చుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. కంటికి కనపడే అక్షరాలుగా విడగొట్టే పాత యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ కోడ్‌లిచ్చే ప్రమాణం) నియమం శ్వను శ్, వ అని రెండు ముక్కలు చేసేది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు కలిపే ఉంచేలా నియమం మార్చారు. పాత నియమం ఉన్న ఫోన్‌లో ఈ పేరుకు 7, కొత్త నియమం ఉన్న ఫోన్‌లో 5 వస్తాయి. నీ ల్యాప్‌టాప్‌లో టెస్ట్ పాసయి రైతు ఫోన్‌లో పేరు తేడాగా తెగిందంటే ఇది కూడా ఒక కారణం కావచ్చు. అందుకే నా టెస్ట్ డేటాలో ఇంగ్లీషు డమ్మీ పేర్లు ఒక్కటి కూడా ఉండవు. రాజ్యలక్ష్మి, సుబ్రహ్మణ్యం, వెంకటేశ్వర్లు లాంటి పేర్లే ఉంటాయి.

బెంగళూరులో కందుకూరు
అన్నతో సగం ఒప్పుకుంటాను. టెస్టులు కావాల్సిందే, కానీ లాంగ్వేజ్ కూడా ముఖ్యమే. పాత యాప్ సాదా జావాస్క్రిప్ట్ అయితే తూకం "120" అని స్ట్రింగ్‌గా, అంటే అంకెలా కాకుండా రాతగా వచ్చి, దానికి 5 కలిపితే "1205" అవుతుంది. టైప్‌స్క్రిప్ట్‌లో రకాలు సరిగ్గా రాసుకుంటే ఇలాంటివి చాలావరకు రన్ చేయకముందే దొరుకుతాయి. సర్వర్ వరకు నాకు గో ఇష్టం. ఆరు నెలల తర్వాత ఇంకొకరు తెరిచి చూసినా కోడ్ అర్థమవుతుంది. ఊళ్లో ఉండి ఒక్కడివే చేసేటప్పుడు అది చిన్న విషయం కాదు.

జిల్లా పేర్లు మాత్రం కోడ్‌లో రాయకు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు మా కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి పోయింది, అద్దంకి, చీరాల బాపట్లలోకి పోయాయి. పేర్లు కోడ్‌లోనే ఉన్న చోట్ల అప్పుడు ఎంత తలనొప్పో దగ్గర్నుంచి చూశాను. టేబుల్‌లో పెట్టు, ఏ తేదీ నుంచి ఏ జిల్లానో కూడా పెట్టు. పాత బిల్లు పాత జిల్లాతోనే ప్రింట్ అవ్వాలి.

చీమకుర్తి కాటా
నేను గ్రానైట్ లారీల కాటాల దగ్గర పని చేస్తాను. ఒకచోట ఇప్పటికీ విజువల్ బేసిక్ 6 ప్రోగ్రామే నడుస్తోంది. అది 1998 నాటిది. అందరూ మార్చేయమంటారు. నేను మార్చొద్దనే చెప్పాను, ఎందుకంటే కాటా మిషన్ సీరియల్ కేబుల్‌లో పంపే లైన్‌ను అది తప్పులేకుండా చదువుతోంది.

లారీ కాటా ఎక్కగానే తూకం ఊగుతుంది. మా మిషన్ పంపే ప్రతి లైన్‌లో తూకం నిలబడిందా లేదా అనే గుర్తు ఉంటుంది. అది చూడకుండా చేతికొచ్చిన మొదటి అంకె తీసుకునే కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చి పెట్టబోయారు. అప్పుడు మేం చేసింది ఇది: నిజంగా లారీలు ఎక్కి దిగుతుంటే కేబుల్‌లో వచ్చిన లైన్లన్నీ ఫైల్‌లోకి పట్టి, అదే ఫైల్‌ను కొత్తదానికి మళ్లీ వినిపించాం. తేడాలన్నీ ఆఫీసులో కూర్చునే దొరికాయి. కొత్త లాంగ్వేజ్‌కి మారండి, నాకేం అభ్యంతరం లేదు. పాతది ఏం చేస్తోందో రికార్డు చేయకుండా మాత్రం దాన్ని పీకొద్దు.

కొత్తపట్నం
డబ్బు లెక్క ఫ్లోట్‌లో (దశాంశాలను సుమారుగా దాచే రకం) పెట్టొద్దు. 0.1 + 0.2 అడిగితే 0.30000000000000004 వస్తుంది. పైసల్లో పూర్ణాంకంగా పెట్టండి. మిగతావి ఎలా ఉన్నా ఇది తప్పనిసరి.

ముత్తుకూరు ఆక్వా
నేను డెవలపర్ని కాదు, మాకు చెరువులున్నాయి. ఇలాంటి యాప్‌లు వాడే వైపు నుంచి చెప్తాను. గట్టు మీద చెయ్యి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. తడి వేలితో ముట్టుకుంటే ఫోన్‌కి ఏ బటన్ నొక్కామో తెలియదు, నీటి చుక్కే బటన్ నొక్కేస్తుంది. మేత 25 కిలోలు కొడితే 255 పడిన రోజులున్నాయి. వాయిస్‌లో చెబుదామంటే పక్కన ఏరియేటర్ల (నీళ్లలోకి గాలి కొట్టే మిషన్ల) మోత.

ఐపీ68 (నీళ్లు తట్టుకునే రేటింగ్) ఫోన్ కొంటే సరిపోతుందని షాపులో చెప్తారు. ఆ రేటింగ్ మంచినీళ్లు లోపలికి పోకుండా ఆపడం గురించి. మావి ఉప్పునీటి చెరువులు. పైగా తడి స్క్రీన్ సరిగ్గా పనిచేస్తుందని ఆ రేటింగ్ ఎక్కడా చెప్పదు. ఖరీదైన ఫోన్ కంటే పెద్ద బటన్లు, ఎండలో కనపడే నల్ల అక్షరాలు, "నిన్న 25, ఈరోజు 255, నిజమేనా?" అని అడిగే ఒక ప్రశ్న మాకు ఎక్కువ పనికొస్తాయి. సిగ్నల్ లేకపోయినా ఎక్కించుకుని, వచ్చాక పంపాలి.

కౌంట్ సంగతి కూడా. 50 కౌంట్‌కి ఒక రేటు, 60కి ఒక రేటు చెప్పి, తీరా పట్టుబడిలో 54 వస్తే లెక్క ఎలా వేస్తారో కొనేవాళ్లను అడిగి రాసుకోండి బాబూ. మా గొడవలన్నీ అక్కడే.

ఒంగోలు టెస్టర్
ముత్తుకూరు అన్న చెప్పిన చివరి మాటే మొదటి టెస్ట్ కావాలి. 50, 54, 60తో పాటు 49, 61 కూడా పెట్టు.

గూడూరు
వెతకడం కూడా టెస్ట్ చేయండి. రాజ్‌కుమార్ అని రాసేటప్పుడు జ్, కు కలవకుండా కొన్ని కీబోర్డులు మధ్యలో కంటికి కనపడని ఒక కోడ్ పెడతాయి. అది లేకుండా రాస్తే రాజ్కుమార్. మామూలు నార్మలైజేషన్‌తో (ఒకే మాటకున్న వేర్వేరు కోడ్ రూపాలను ఒకటి చేయడం) ఆ కోడ్ పోదు, వెతికే ముందు మనమే తీసేయాలి. దాన్ని తక్కువ అంచనా వేయొద్దు. 2018 ఫిబ్రవరిలో జ, పొల్లు, ఞ, ఈ కనపడని కోడ్, దీర్ఘం వరుసగా ఉన్న ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6లో సరిచేసింది. అంత పెద్ద కంపెనీ టెస్టుల్లోనూ మన అక్షరం జారిపోయింది. మన భాషను మనమే టెస్ట్ చేసుకోవాలని నేను గట్టిగా నమ్మేది అందుకే.

ఎస్ఎంఎస్ పంపేట్టయితే ఒక మెసేజ్‌లో ఇంగ్లీషులో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 కోడ్‌లే. "వెంకటేశ్వర్లు గారు" అంటేనే 18 అయిపోతాయి. రెండో మెసేజ్‌కి ఇంకో ఛార్జీ.

కావలి కోడర్
అందరికీ థాంక్స్. కాలమ్ చూశాను, 30 బైట్లే. వెడల్పు పెంచాను గానీ తెగిపోయి ఉన్న పేర్లు పాత కాగితాలు చూసి చేత్తోనే సరిచేయాలి. కొత్తగా రాసేది ఇప్పటికి ఆపాను. చీమకుర్తి అన్న పద్ధతిలో పాత యాప్ బిల్లులు ముందు ఫైల్‌లోకి తీస్తున్నా, ఆ తర్వాత టైప్‌స్క్రిప్ట్. మీ ఊళ్లలో ఒత్తులు ఎక్కువున్న పేర్లు, ఇంటిపేర్లు ఉంటే ఇక్కడ రాయండి, టెస్టుల్లోకి ఎక్కిస్తాను. మనుషుల పూర్తి పేర్లు వద్దు, విడి మాటలు చాలు.

మార్కాపురం
జ్ఞానప్రసూనాంబ, దుర్గాంజనేయులు, మృత్యుంజయుడు. చివరిది తప్పకుండా పెట్టు, ఋత్వం, ఒత్తు రెండూ ఉన్నాయి.