ఎంహెచ్‌ఏలో చేరుతున్నాను, తర్వాత దారులు ఏమిటి?

అందరికీ నమస్తే. బీడీఎస్ తర్వాత మూడేళ్లు క్లినిక్‌లో పనిచేశాను. అమెరికాలో ఎంహెచ్‌ఏ (హాస్పిటల్ నిర్వహణలో మాస్టర్స్) సీటు వచ్చింది, వచ్చే నెల క్లాసులు మొదలు. హాస్పిటల్ నిర్వహణ వైపు వెళ్లాలని ఉంది కానీ ఉద్యోగం గురించి టెన్షన్‌గా ఉంది. ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పగలరా?

—

డాక్టర్‌గారూ, ముందు మీ ఐ-20 (స్టూడెంట్ వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) తీసి సీఐపీ కోడ్, అంటే మీ కోర్సు రకాన్ని చెప్పే నంబరు చూడండి. 51.0701 అని ఉంటే అది హెల్త్‌కేర్ అడ్మినిస్ట్రేషన్, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల) జాబితాలో లేదు. ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసుకునే అనుమతి, 12 నెలలే. మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ కోడ్ 51.2706కి ఇంకో 24 నెలలు దొరుకుతాయి. నేనిది రెండో సెమిస్టర్ అయిపోయాక తెలుసుకున్నాను. అప్పటికి కోర్సు మారాలంటే క్రెడిట్లు సగం పోయేలా ఉన్నాయి. ఆ బాధ మీకు వద్దు.

రెండోది, ఫెలోషిప్. హాస్పిటల్ పెద్దల పక్కనే ఉండి ఏడాదో రెండేళ్లో పని నేర్చుకునే అవకాశం. దరఖాస్తులు ఆఖరి ఏడాదికి ముందు వేసవిలోనే మొదలవుతాయి. చాలాచోట్ల కేమ్ (ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సు కావాలంటారు, కొన్నిచోట్ల వీసా స్పాన్సర్ చెయ్యరు. మొదటి మెయిల్‌లోనే మొహమాటం లేకుండా అడిగేయండి.

చదువులో మాత్రం డబ్బు ఎలా వస్తుందో గట్టిగా పట్టుకోండి. 1983లో వచ్చిన పద్ధతి ప్రకారం, పేషెంట్‌ని ఎన్ని రోజులు ఉంచారని కాదు, కేసు ఏ డీఆర్‌జీ (జబ్బు, చికిత్సను బట్టి చేసిన కేసుల గుంపు) కిందకు వస్తుందన్నదాన్ని బట్టి మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) హాస్పిటల్‌కు చెల్లిస్తుంది. డాక్టర్ రాసే నోట్‌లో ఒక జబ్బు వదిలేస్తే ఆదాయం తగ్గొచ్చు. అందుకే డాక్యుమెంటేషన్, కోడింగ్, క్వాలిటీ విభాగాల్లో జబ్బు తెలిసిన మీలాంటివాళ్లకు విలువ. క్లినిక్‌లో మీరు గడిపిన మూడేళ్లను రెజ్యూమెలో ఒక్క లైన్‌తో సరిపెట్టకండి.

—

పైన చెప్పినవన్నీ నిజమే. ఇంకొకటి: యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న, లాభాపేక్ష లేని హాస్పిటళ్లకు హెచ్-1బీ (ఉద్యోగ వీసా) లాటరీ వర్తించదు. మా ఆవిడకు అలాగే వచ్చింది. ముందు అలాంటివాటి లిస్టు రాసుకోండి. నర్సింగ్ హోమ్ అడ్మినిస్ట్రేటర్ కావాలంటే మాత్రం రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ తప్పనిసరి, పరీక్ష రాయాలి. ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ (చదువుతుండగానే పనిచేసే అనుమతి) మామూలుగా మొదటి ఏడాది పూర్తయ్యాకే ఇస్తారు.

—

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఇప్పుడే చూశాను, నాది 51.0701. ఇన్ఫర్మాటిక్స్‌కు మారే వీలుందా అని అడ్వైజర్‌కు ఈ రాత్రే మెయిల్ పెడుతున్నాను. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.