నాటకాల క్యాసెట్లు, పెళ్లి వీహెచ్‌ఎస్: ముందు ఏది కాపాడుకోవాలి?

తెనాలి కుర్రాడు:
మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. స్టేజి పక్కన టేప్‌రికార్డర్ పెట్టి రికార్డు చేసుకున్న క్యాసెట్లు ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి, వాటితోపాటు అక్క పెళ్లి వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్ కూడా. అది వేసి చూసే వీసీఆర్ మూలపడి చాలా ఏళ్లయింది, బాగుచేసేవాళ్లు దొరకట్లేదు. కొన్ని టేపులకు తెల్లగా బూజు పట్టింది. సెకండ్‌హ్యాండ్ వీసీఆర్ ఒకటి అమ్మకానికి ఉంది, కొనమంటారా? లేక అన్నీ స్టూడియోకి ఇచ్చేసి డీవీడీలు చేయించెయ్యనా?

పాత రేడియో:
బూజున్నవి దేంట్లోనూ పెట్టకండి బాబూ! ఆ బూజు టేపుని చదివే హెడ్‌కి అంటుకుందంటే తర్వాత పెట్టే మంచి టేపు కూడా పోతుంది. వాటిని వేరే డబ్బాలో పెట్టండి. వీసీఆర్ కొంటే కొనండి గానీ ముందు పనికిరాని సినిమా క్యాసెట్ ఒకటి వేసి చూడండి, టేపు నమిలేస్తుందో లేదో తేలిపోతుంది. కొత్తది మాత్రం దొరకదు, చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది.

శ్రుతిపెట్టె:
డీవీడీ వద్దండి. మాకు ఒకచోట ‘నాయిస్ తీసేశాం సార్’ అని గర్వంగా ఇచ్చారు, వింటే జనం వన్స్‌మోర్ అరుపులు, ఈలలు అన్నీ మాయం, హార్మోనియం ఏదో నూతిలోంచి వస్తున్నట్టుంది. దేన్నీ ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు వేవ్ ఫైలు (కుదించని ధ్వని ఫైలు) అడగండి, నాణ్యత 24 బిట్, కనీసం 48 కిలోహెర్ట్జ్ ఉండాలని చెప్పండి. సౌండ్ ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ చెప్పే కనీస లెక్క కూడా ఇదే. స్టీరియో అయితే గంటకి ఒక జీబీ అవుతుంది, ఈ రోజుల్లో అదో లెక్కా! ఎంపీ3 చుట్టాల వాట్సాప్‌కి చాలు. ఇంకోటి, ధ్వని మొద్దుగా వస్తుంటే టేపు పోయిందనుకోకండి. క్యాసెట్ ప్లేయర్‌లో హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, పాట నడుస్తుండగా దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ వింటే ఒకచోట స, ష అక్షరాలు స్పష్టంగా పలుకుతాయి.

పాత రేడియో:
అవును, ఒక్కో క్యాసెట్‌కి ఒక్కోచోట కుదురుతుంది, స్టూడియోవాళ్లకి అంత ఓపిక ఉండదు. వెయ్యబోయే ముందు క్యాసెట్ పై అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచెయ్యండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా ఏమీ కాదు.

తెనాలి కుర్రాడు:
థాంక్సండీ. మరి ముందు ఏది? అక్క పెళ్లిదే ముందంటోంది.

శ్రుతిపెట్టె:
అక్కగారికి కోపం రావచ్చు గానీ పెళ్లి క్యాసెట్ కాపీ అత్తగారింట్లో ఉందేమో కనుక్కోండి. నాటకాలు మీ పెట్టెలో తప్ప ఇంకెక్కడా ఉండవు కదా. ఫైళ్లు మాత్రం రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు ఇళ్లల్లో పెట్టండి.

తెనాలి కుర్రాడు:
సరేనండి, నాటకాలే ముందు. బూజు టేపులు శుభ్రం చెయ్యడం తెలిసినవాళ్లు విజయవాడ వైపు ఎవరైనా ఉంటే చెప్పండి.