క్రోమోజోము చివరలను కాచే ప్రోటీన్లకు తెలుగులో ఏమందాం?

అమలాపురం నుంచి ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివే పిల్లలకు తెలుగులో పాఠం రాస్తున్నాను. మొక్కల్లో క్రోమోజోము చివరలను, అంటే టెలోమియర్లను, అంటిపెట్టుకుని కాపాడే ప్రోటీన్లను ‘అంత్యఖండ బంధక ప్రోటీన్లు’ అన్నాను. పిల్లలకు నోరు తిరగడం లేదు. ఇంతకంటే మంచి మాట ఉందా?

జవాబు: అమ్మా, ‘అంత్యఖండం’లో తప్పేమీ లేదు. గ్రీకులో టెలోస్ అంటే చివర, మెరోస్ అంటే భాగం. 1938లో జన్యుశాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ పెట్టిన పేరుకు అది సరిగ్గా సరిపోతుంది. నా అభ్యంతరమల్లా ‘బంధక’ మీదే. అంటుకోవడం ఆ ప్రోటీనుకు దారి మాత్రమే, పని వేరే ఉంది. పేరు పనిని బట్టి ఉండాలి.

క్రోమోజోము అంటే పొడవాటి డీఎన్ఏ పోగు. అది ఎక్కడ తెగినా అతికించడానికి కణంలో ఏర్పాటు ఉంటుంది. చిక్కేమిటంటే, క్రోమోజోము చివర కూడా దానికి తెగిన కొసలాగే కనిపిస్తుంది. మన డెల్టాలో కాలువ గట్టుకు గండి పడితే ఇసుక బస్తాలు వేసి పూడుస్తాం. అదే ఊపులో నీరు సముద్రంలో కలిసే మొగను కూడా గండి అనుకుని పూడిస్తే ఊళ్లు మునుగుతాయి. ‘ఇది గండి కాదు, మొగ’ అని అతికేవాళ్లను ఆపేవి ఈ ప్రోటీన్లు.

అవి లేకపోతే రెండు చివరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కణం విడిపోయేటప్పుడు ఆ జంటను చెరో ధ్రువమూ తనవైపు లాగుతుంది. నడుమ పోగు వంతెనలా సాగుతుంది, సన్నబడుతుంది, ఎక్కడో ఒకచోట పుటుక్కున తెగుతుంది. తెగిన కొసలు మళ్లీ అతుక్కుంటాయి, మళ్లీ తెగుతాయి. జన్యుశాస్త్రవేత్త బార్బరా మక్లింటాక్ మొక్కజొన్న కణాల్లో ఈ చక్రాన్ని కనిపెట్టేనాటికి డీఎన్ఏ జంటపేటల నిర్మాణం ఇంకా ఎవరికీ తెలియదు. ఈ సంగతి మీ పాఠంలో తప్పకుండా ఉండాలి.

అందుకే నేను ‘కొసకావలి ప్రోటీన్లు’ అంటాను. కావలి కాయడమంటే ఏమిటో ఏ పిల్లవాడికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

తణుకు నుంచి మరొకరు: ‘కొసకాపు’ అంటే ఇంకా పొట్టిగా ఉంటుంది కదండీ? అలాగే టెలోమియర్‌ను ‘కొసరు’ అంటే ముచ్చటగా ఉంటుంది.

జవాబు: కొబ్బరితోటల సీమలో ‘కొసకాపు’ అంటే చెట్టు ఆఖరున కాసిన కాయలనుకుంటారండీ. ‘కొసరు’ నాకూ ఇష్టమైన మాటే. కానీ కొసరు వేయకపోయినా తూకానికి లోటు ఉండదు. టెలోమియర్ పూర్తిగా అరిగిపోతే మొక్కకు మనుగడ లేదు. కాబట్టి ఆ మాట వద్దు.

అమలాపురం: ‘కొసకావలి’ బాగుంది మాస్టారూ. వరిలో ఉదాహరణ ఉంటే చెప్పండి. మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టిన స్వర్ణ పండే నేల మనది, పిల్లలకు వరి అంటే చప్పున అందుతుంది.

జవాబు: భేషైన ఉదాహరణ ఉందమ్మా. వరి టెలోమియర్‌లో టీటీటీఏజీజీజీ అనే ఏడు డీఎన్ఏ అక్షరాల వరస మళ్లీమళ్లీ వస్తుంది. మనిషిలో ఒక టీ తక్కువ, ఆరే అక్షరాలు. వరిలో ఆ జంటపేటల వరసను పట్టుకునే ప్రోటీను ఆర్‌టీబీపీ1. దాని జన్యువు పనిచేయని వరి మొక్కలపై జరిగిన పరిశోధన 2007లో వెలువడింది. తొలి తరంలో టెలోమియర్లు తరగలేదు సరికదా, బాగా పొడవెక్కాయి. తరాలు గడిచేకొద్దీ మొక్క ఎదుగుదల కుంటుపడుతూ వచ్చింది, పూత కూడా దెబ్బతింది, విడిపోయే కణాల్లో ఆ వంతెనలు కనిపించాయి. అంటే ఈ ప్రోటీను చివరను కాయడమే కాదు, దాని పొడవును అదుపులోనూ ఉంచుతుంది. కావలివాడు హద్దు కూడా చూస్తాడు కనుక మన మాట ఇక్కడా నిలుస్తుంది.

అయితే దొరికినవాటికల్లా ఈ పేరు తగిలించకండి. మనిషిలో టెలోమియర్లను కాచే ఆరు ప్రోటీన్ల జట్టు ఉంది, అందులో పాట్1 ఒకటి. పరిశోధనల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో దాని బంధువు పాట్1ఏ చేసేది చివరను కాయడం కాదు, టెలోమియర్‌ను పొడిగించే టెలోమరేజ్ ఎంజైముకు తోడ్పడడం. దాన్ని కొసకావలి అంటే అబద్ధమవుతుంది. అక్కడ కావలి కాసేవి సీటీసీ1, ఎస్‌టీఎన్1, టెన్1 అనే మూడు. కొన్ని చివరల్లో ఒక పేట పొడుగ్గా వేలాడకుండా రెండు పేటలూ సమంగా ముగుస్తాయి; ఆ మొండి చివరలను కేయూ అనే మరో జంట కాస్తుంది. విచిత్రమేమిటంటే, వేరేచోట తెగిన పోగులను అతికించడంలో చెయ్యి ఉన్నదీ ఆ కేయూకే! ఈ ఒక్క సంగతికే ఒక పేరా కేటాయించండి.

ఇంకొకటి. ప్రయోగశాలలో పిల్లలకు కణవిభజన చూపించేది ఉల్లి వేరుకొనలోనే కదా. ఉల్లిలో ఈ ఏడు అక్షరాల వరస లేదు. దానిది 12 అక్షరాల వేరే వరసని 2016లో తేలింది. కాబట్టి టీటీటీఏజీజీజీ దగ్గర ‘చాలా మొక్కల్లో’ అని రాయండి, ‘మొక్కలన్నిటిలో’ అని మాత్రం వద్దు.